ఫాదర్ ఫెర్రర్ చూపిన కొలువు

మీది తుమ్మలపల్లె అయినా, వేముల అయినా, కర్నూలు జిల్లాలో ఏ మూల పల్లె అయినా డిగ్రీ అయిపోయాక మీ ముందున్న దారులు ఇంచుమించు అవే. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, పోలీసు. ఏదీ కాకపోతే బెంగళూరు బస్సు. తుమ్మలపల్లె వాళ్లకైతే ఊరి పక్కనే యురేనియం గని ఉంది కాబట్టి అందులో ఏదైనా దొరుకుతుందేమోనన్న ఆశ అదనం. ఈ జాబితాలో చాలామంది రాసుకోని కొలువు ఒకటుంది. దివ్యాంగులు తాము నడుపుకునే సంఘాలకు అండగా ఉండటం, వాటికి నిధులు తేవడం, లెక్కలు చూడటం. అదేం ఉద్యోగం అనుకోకండి. మీ పక్క జిల్లా అనంతపురంలో ఒక మనిషి నలభై ఏళ్లు ఇలాంటి పనే చేశాడు. వేల మందికి చేయడం నేర్పాడు. ఆయన పేరు విన్సెంట్ ఫెర్రర్. సీమ జనానికి ఫాదర్ ఫెర్రర్.

ఆయన ఫొటో మీరు చూసే ఉంటారు. అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్లల్లో దేవుడి పటాల పక్కన ఉంటుంది. ఫొటో వెనకున్న జీవితం మాత్రం మనలో చాలామందికి తెలీదు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం అది.

యుద్ధం నుంచి మన్మాడ్ దాకా

ఫెర్రర్ 1920 ఏప్రిల్ 9న స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టాడు. మీరు ఇంటర్, డిగ్రీ చదివిన వయసులో ఆయన అంతర్యుద్ధంలో ఉన్నాడు. ఎబ్రో నది ఒడ్డున జరిగిన పోరులో సైనికుడు. తాను ఉన్న పక్షం ఓడిపోయింది. సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు వెళితే అక్కడ శరణార్థుల శిబిరంలో పడేశారు. తిరిగొచ్చాక సొంత దేశంలో మళ్లీ శిబిరం. అవన్నీ దాటి బయటపడ్డాక లా చదువులో చేరాడు. దాన్నీ మధ్యలో వదిలేసి 1944లో జెసూట్ సభలో చేరాడు. ఇరవై నాలుగేళ్లకే ఓటమి, జైలు, ఆగిపోయిన చదువు మూడూ చూసేసిన మనిషి. ఒకట్రెండు ప్రిలిమ్స్ పోగానే జీవితం అయిపోయిందనుకునే మనకు ఇక్కడే మొదటి పాఠం ఉంది.

1952లో బొంబాయిలో ఓడ దిగాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. అదీ మన సీమలాంటిదే. వానొస్తే పంట, లేకుంటే వలస. రైతుకు కావాల్సింది బావి. బావి తవ్వాలంటే కూలీ కావాలి, కూలీకి తిండి కావాలి. ఫెర్రర్ గోధుమలు, నూనె సమకూర్చి, బావి తవ్వుకునే రైతులకు ఇచ్చాడు. ఇక్కడ ఒక తేడా గమనించండి. బావి రైతుది, పొలం రైతుది, తవ్వేది రైతు. ఎక్కడ తవ్వాలో తెలిసింది కూడా రైతుకే. ఆయన చేసిందల్లా ఆ పని ఆగిపోకుండా చూడటం. దానం అక్కడికక్కడ తినేస్తే అయిపోతుంది. బావి మాత్రం ఏటేటా నీళ్లిస్తుంది.

అయితే పేదలు తమంతట తాము నిలబడటం మొదలుపెడితే కొందరికి నచ్చదు. మత మార్పిళ్ల అనుమానాలు లేచాయి, రాజకీయాలు తోడయ్యాయి. దేశం విడిచి వెళ్లిపొమ్మని 1968లో ఆయనకు ఉత్తర్వులొచ్చాయి. అప్పుడు రైతులు కదిలారు. సుమారు 30 వేల మంది మన్మాడ్ నుంచి బొంబాయి వైపు నడిచారు. దాదాపు 250 కిలోమీటర్ల దూరం. చివరికి ఆనాటి ప్రధాని ఇందిరా గాంధీ మధ్యేమార్గం చెప్పారు: ఫెర్రర్ కొన్నాళ్లు విదేశానికి వెళ్లాలి, ఆ తర్వాత తిరిగి రావచ్చు. ఆయన వెళ్లాడు. మరుసటి ఏడాదే వచ్చేశాడు. ఈసారి ఆయనకు చోటిచ్చింది మన ఆంధ్రప్రదేశ్.

అనంతపురం ఎందుకు?

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే నేల. కడప, కర్నూలు మెట్ట ప్రాంతాల వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1969లో ఫెర్రర్ కొద్దిమంది కార్యకర్తలతో ఇక్కడికి చేరాడు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అంటే మనమంతా పిలిచే ఆర్డీటీ అదే ఏడాది పుట్టింది. ఇక్కడా ఆయన్ను అనుమానంగా చూసినవాళ్లు లేకపోలేదు. మన్మాడ్ అనుభవం తర్వాత కూడా ఆయన మకాం మార్చలేదు. 1970లో జెసూట్ సభను వదిలి, బొంబాయిలో పత్రికా విలేకరిగా పనిచేసిన ఇంగ్లండ్ యువతి అన్నె పెర్రీని పెళ్లి చేసుకున్నాడు. ఫాదర్ అనే పిలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

మొదట దళితవాడలు, గిరిజన తండాలు. బడి, ఇల్లు, చెరువు, చెట్టు, ఆస్పత్రి. తర్వాత మహిళా సంఘాలు. ఆ తర్వాత ఎనభైల చివర్లో దివ్యాంగుల కోసం ప్రత్యేక విభాగం మొదలైంది. అసలు కథ ఇక్కడుంది.

ఆ రోజుల పల్లెను ఒక్కసారి ఊహించుకోండి. పోలియో ఇంకా పోలేదు. కాళ్లు చచ్చుబడిన పిల్లాడు అరుగు మీద కూర్చునేవాడు. మాట రాని ఆడపిల్లను బయటికి పంపేవాళ్లు కాదు. చూపు లేని మనిషికి ఊళ్లో పేరు కూడా ఉండేది కాదు, లోపమే పేరు. పూర్వజన్మ పాపమని ఒకరు, ఇంటికి అరిష్టమని ఇంకొకరు. వాళ్లకు ఏం కావాలో వాళ్లనే అడగాలన్న ఆలోచన ఎవరికీ లేదు.

ఆర్డీటీ రెండు పనులు చేసింది. ఒకటి అందరికీ కనిపించేది: ఆపరేషన్లు, కాలిపర్లు, ప్రత్యేక బడులు, బత్తలపల్లి ఆస్పత్రి, మహిళలు చేతిపని వస్తువులు తయారుచేసే వర్క్‌షాపులు. రెండోది ఫొటోల్లో పడనిది: ఊరూరా వికలాంగుల సంఘాలు. దివ్యాంగులు, చిన్నపిల్లలైతే వాళ్ల తల్లిదండ్రులు ఒకచోట కూర్చోవడం. పొదుపు చేయడం. సర్టిఫికెట్‌కు, పింఛనుకు, బస్‌పాస్‌కు ఒక్కొక్కరుగా కాకుండా కలిసి వెళ్లి అడగడం.

ఒక్కడే వెళ్లి తహసీల్దార్ ఆఫీసు ముందు నిలబడితే రేపు రమ్మంటారు. పాతికమంది కలిసి వెళ్తే కుర్చీ వేస్తారు. సంఘం బలం ఇదే. మన్మాడ్‌లో బావి చేసిన పనే ఇక్కడ సంఘం చేసింది.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

ఉద్యోగార్థులుగా మీరు శ్రద్ధగా చూడాల్సింది ఈ భాగం. ఆశయం ఎంత గొప్పదైనా నెలాఖరుకు జీతాలు ఇవ్వాలి, జీపులో డీజిల్ పోయాలి. ఫెర్రర్ ఎంచుకున్న దారి చిన్న మొత్తాలు, ఎక్కువ మంది. స్పెయిన్‌లో మామూలు కుటుంబాలు నెలనెలా కొంత పంపేవి. ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక పిల్లకో పిల్లాడికో దాతగా ఉండేది. డబ్బు మాత్రం ఆ ఒక్క ఇంటికే కాకుండా ఊరి పనులకు వెళ్లేది. పిల్లలు ఉత్తరాలు రాసేవాళ్లు. 1996లో స్పెయిన్‌లో ఆయన పేరిట ఫౌండేషన్ ఏర్పడింది. 1998లో ఆ దేశపు ప్రతిష్ఠాత్మక ప్రిన్స్ ఆఫ్ అస్టూరియాస్ పురస్కారం వచ్చింది. గ్రామీణ్ బ్యాంక్ స్థాపకుడు ముహమ్మద్ యూనస్‌కు కూడా అదే ఏడాది, అదే విభాగంలో ఆ పురస్కారం దక్కింది.

ఒకే పెద్ద దాత మీద ఆధారపడితే ఆయన మనసు మారిన రోజు సంస్థ మూతపడుతుంది. లక్షమంది చిన్న దాతలుంటే పదిమంది మానేసినా పని ఆగదు. పైగా ఏ ఒక్కరూ నా మాటే వినాలని శాసించలేరు. కానీ దీంట్లోనూ ఒక చిక్కుంది. దాతలంతా ఒకే దేశంలో ఉంటే ఆ దేశానికి జలుబు చేసినప్పుడు ఇక్కడ తుమ్ములొస్తాయి. స్పెయిన్ ఆర్థికంగా దెబ్బతిన్న రోజుల్లో ఇది అనుభవంలోకి వచ్చింది. ఆ తర్వాతే ఆర్డీటీ మన పల్లెల్లోనే ఇంటింటికీ హుండీలు ఇచ్చి, మన డబ్బు మనవాళ్లకే అన్న ప్రయత్నం మొదలుపెట్టింది. ఒకప్పుడు సాయం తీసుకున్న ఇళ్లు సాయం చేసే ఇళ్లయ్యాయి.

అది చూడటానికి ఫెర్రర్ లేడు. 2009 జూన్ 19న 89 ఏళ్ల వయసులో అనంతపురంలో కన్నుమూశాడు. బత్తలపల్లిలో సమాధి చేశారు. చివరి చూపు కోసం పల్లెలకు పల్లెలే కదిలొచ్చాయి.

సగం దారి ఆయనది, మిగతా సగం ఎవరిది?

ఆయన్ను పొగిడి వదిలేస్తే మీకు న్యాయం చేసినట్టు కాదు. ఒక ప్రశ్న వేసుకోవాలి. సంఘాన్ని దివ్యాంగులు నడుపుతున్నారు, సరే. చెక్‌బుక్ ఎవరి దగ్గరుంది? పెద్ద సంస్థ అండగా ఉన్నంతకాలం చిన్న సంఘం బాగానే నడుస్తుంది. అండ పోతే? ఫెర్రర్ దివ్యాంగుడు కాదు. ఆయన నిలబెట్టింది దివ్యాంగుల కోసం, దివ్యాంగులతో పనిచేసే సంస్థ. దివ్యాంగులే యజమానులుగా ఉండే సంస్థ దీనికి తర్వాతి మెట్టు.

ఆ మెట్టు ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికాలోని బర్క్‌లీకి వెళ్లాలి. ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రాడికి పద్నాలుగేళ్లకు పోలియో వచ్చింది. మెడ కింద దాదాపు ఏమీ కదలదు. ఊపిరికి ఇనుప యంత్రం. కాలేజీ చదువుకు సాయం అడిగితే రాష్ట్ర పునరావాస శాఖ వాళ్లు ఇతను ఎప్పటికీ ఉద్యోగం చేయలేడని తేల్చేశారు. పట్టుబట్టి సాయం సాధించి, 1962లో కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. తోటి దివ్యాంగ విద్యార్థులతో కలిసి ఉద్యమించాడు. 1972లో అక్కడ స్వతంత్ర జీవన కేంద్రం మొదలైంది. నడిపేది దివ్యాంగులే. 1975లో గవర్నర్ ఆయన్ను ఒక శాఖకు డైరెక్టర్‌గా వేశారు. ఏ శాఖకో తెలుసా? ఉద్యోగానికి పనికిరాడని తేల్చిన ఆ పునరావాస శాఖకే. ఈరోజు అమెరికాలో అలాంటి కేంద్రాలకు ప్రభుత్వ నిధులు రావాలంటే పాలకవర్గంలో సగానికి పైగా దివ్యాంగులే ఉండాలి. చెక్‌బుక్ ఎవరి దగ్గర ఉండాలో చట్టమే చెప్పేసింది.

మన రాష్ట్రంలోనూ ఆ దిశగా అడుగులు పడ్డాయి. 2000 తర్వాత వెలుగు, ఆపై ఇందిరా క్రాంతి పథం పేరుతో సాగిన పేదరిక నిర్మూలన కార్యక్రమంలో డ్వాక్రా సంఘాల తరహాలోనే వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, వాటి మీద మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. మీ మండలంలో అలాంటిది ఉందా, ఉంటే చురుగ్గా ఉందా, పేరుకే మిగిలిందా? వెళ్లి కనుక్కోండి. మీ మొదటి ఫీల్డ్ వర్క్ అదే అనుకోండి.

నిధుల లోగుట్టు తెలుసుకోండి

చిన్న సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది కాగితాల దగ్గరే. ఆ కాగితాలు తెలిసిన డిగ్రీ కుర్రాడో అమ్మాయో ఒకరుంటే సంఘం బతుకుతుంది. కొన్ని ముఖ్య విషయాలు.

మొదటిది రిజిస్ట్రేషన్. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ పెట్టుకోవచ్చు. పొదుపు, అప్పులు ప్రధానమైతే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. బైలాస్ రాసేటప్పుడే పాలకవర్గంలో ఎక్కువమంది దివ్యాంగులే ఉండాలని, చెక్కు మీద సంతకాలు వాళ్లవేనని రాసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

రెండోది విదేశీ విరాళాలు. వీటికి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి తప్పనిసరి. 2020లో ఆ చట్టాన్ని సవరించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. అంతకుముందు పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి, అనుమతి ఉన్న చిన్న సంఘాలకు పంచేది. ఆ దారి మూసుకుపోయింది. పల్లె సంఘం ఇప్పుడు దేశంలోనే డబ్బు వెతుక్కోవాలి.

మూడోది సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల రూపాయలు, అంతకు మించి నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ప్రభుత్వ రంగ కంపెనీలకూ ఇదే చట్టం. గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, సోలార్ పార్కులు ఉన్న మన రెండు జిల్లాల్లో ఈ మాట తెలిసిన సంఘాలు ఎన్ని? ప్రతిపాదన రాసిచ్చే చేయి లేకనే చాలా సంఘాలు ఆ గేటు దాకా వెళ్లవు.

నాలుగోది బడ్జెట్ రాయడం. దివ్యాంగులు నడిపే సంస్థకు మామూలు సంస్థకు లేని ఖర్చులుంటాయి. సైగల భాష చెప్పే మనిషి, తోడు వచ్చేవాళ్ల బస్సు చార్జీ, ర్యాంపు, ఆటో. వీటిని అదనపు ఖర్చు కింద రాస్తే దాత కోసేస్తాడు. పని జరగాలంటే ఇవి కావాలని మొదటి పేజీలోనే వివరంగా రాయాలి. బావి తవ్వే రైతుకు గోధుమలు ఎలాగో సంఘం అధ్యక్షురాలికి ఆటో చార్జీ అలాగే. అది లేకపోతే ఆమె మీటింగ్‌కే రాలేదు. ఆమె రాని మీటింగ్‌లో నిర్ణయాలు ఇంకెవరో తీసుకుంటారు.

మీకు దారులు

మీకు ఈ రంగం మీద మనసుంటే చదువులు చాలానే ఉన్నాయి. సోషల్ వర్క్‌లో పీజీ చేస్తే స్వచ్ఛంద సంస్థల్లో ప్రాజెక్టు కొలువులకు, కంపెనీల సీఎస్ఆర్ విభాగాలకు దారి. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డీఎడ్, బీఎడ్ చేయాలనుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న కాలేజీయేనా అని ముందే చూసుకోండి. ఆ గుర్తింపు లేని సర్టిఫికెట్ పనికిరాదు. సైగల భాషలో డిప్లొమాలు ఉన్నాయి. కృత్రిమ అవయవాల తయారీ, స్పీచ్ థెరపీ కోర్సులున్నాయి. సికింద్రాబాద్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ, నెల్లూరులో కేంద్రం నడిపే ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. బీకాం వాళ్లు చిన్నబుచ్చుకోవద్దు. చిన్న సంఘాలకు అన్నింటికన్నా అవసరం పద్దులు సరిగా రాసే మనిషి. ఆడిట్ సకాలంలో కాకపోతే 12ఏ, 80జీ గుర్తింపులు చిక్కుల్లో పడతాయి, వాటితో పాటే విరాళాలు.

మీరే దివ్యాంగులైతే మీకు ఇంకో మాట. 2016 హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు మీ హక్కు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు చేతిలో ఉంచుకోండి. స్వయం ఉపాధికి కేంద్ర సంస్థ ఎన్‌డీఎఫ్‌డీసీ ద్వారా తక్కువ వడ్డీ రుణాలున్నాయి. వీటితో పాటు మీ మండల సంఘంలో ఒక కుర్చీ మీదే అని మర్చిపోకండి. సీటు, కొలువు ఒక్కరికి దక్కుతాయి. సంఘం ఊళ్లో అందరికీ దక్కుతుంది.

జీతం గురించి ఉన్నమాట చెప్పుకుందాం. ఈ రంగంలో మొదట్లో జీతాలు తక్కువ. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం కూడా అయిపోయే ప్రమాదం ఉంది. చేరేముందు నిధులు ఎన్నేళ్లకు ఉన్నాయి, పీఎఫ్ కడతారా అని మొహమాటపడకుండా అడగండి. పాలకవర్గంలో దివ్యాంగులు ఎంతమంది అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి అది ఎలాంటి సంస్థో మీకు తెలిసిపోతుంది.

ఫెర్రర్ స్పెయిన్ నుంచి వచ్చి మన భాష, మన ఎండ, మన కరువు నేర్చుకున్నాడు. మీకు అవన్నీ పుట్టుకతో వచ్చాయి. ఈ ఆదివారం పేపర్ చదవడం అయ్యాక మీ ఊళ్లో ఎంతమంది దివ్యాంగులున్నారో, వాళ్లకు సంఘం ఉందో లేదో కనుక్కోండి. ఉంటే వాళ్ల పద్దుల పుస్తకం ఒకసారి చూపించమని అడగండి. లేకపోతే ఏడుగురు చాలు.